నేరేడు పూత చిదిమిన రెండేళ్ళు

మా ఇంట్లో పండ్ల మొక్కను మా చేత్తో నాటే ఆచారం లేదు. చోటు మేమే చూపించేవాళ్ళం. గుంత ఇంత లోతు, చెట్టుకూ చెట్టుకూ ఇంత ఎడం అని పక్కన నిలబడి చెప్పేవాళ్ళం. మొక్కను మట్టిలో నిలబెట్టే చెయ్యి మాత్రం జీతగాడిది, అంటే ఏడాది జీతానికి మా ఇంట్లో పనిచేసే మనిషిది. ఎందుకలా అని చిన్నప్పుడు ఒకసారి అమ్మను అడిగాను. అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్ళం. అవ్వ తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించి చెప్పింది. పండ్ల చెట్టు పెట్టిన మనిషి దాని తొలికాపు తినడట. కాయ పండేలోపే పోతాడట. మా ముత్తాత తన చేత్తో ఒక వెలగ మొక్క పెట్టి, అది మొదటిసారి కాసిన ఏడే పోయాడట. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ మొక్క మొదలు ముట్టుకోలేదు. మామిడితోట మొత్తం జీతగాళ్ళ చేతుల మీదుగానే లేచింది.

మరి వాళ్ళకేం కాదా అని అడిగినట్టు గుర్తు లేదు. అడిగి ఉండను.

మా ఊరు పెగడపల్లికి పోయే దారిలో ఉంది. ఊరి పెత్తనం మూడు తరాలు మా ఇంట్లో నడిచింది. నాకు మీసాలు వచ్చేసరికి తోట పోయింది, తర్వాత చెరువు కింది మడులు పోయాయి. చివరికి అంత పెద్ద ఇంట్లో మూడు గదుల మీదే కప్పు నిలిచింది. ఎలా పోయాయో రాయను. రాస్తే మా నాయనను అనాల్సి వస్తుంది. నేను కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. పొద్దున మొదటి బస్సుకు ఇస్త్రీ చొక్కాతో ఎక్కేవాణ్ణి. సీటు ఖాళీ ఉన్నా ఊరివాళ్ళ పక్కన కూర్చునేవాణ్ణి కాదు. కమ్మీ పట్టుకుని నిలబడే పోయేవాణ్ణి. కూర్చుంటే మాట కలపాలి. మాట కలిపితే ఎక్కడ పనిచేస్తున్నారని అడుగుతారు.

తమ్ముడు అలా కాదు. నాకన్నా ఆరేళ్ళు చిన్న. ఎవరితోనైనా కూర్చుంటాడు, ఎవరి దగ్గరైనా తింటాడు. డిగ్రీ మధ్యలో వదిలేసి సిరిసిల్ల వెళ్ళి సాంచెల మీద పనికి కుదిరాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. మా ఇంటి మనిషి ఇంకొకరి సాంచె నడపడం అవ్వకు తెలియకుండా నేను రెండేళ్ళు దాచాను. సూపర్‌వైజర్ అని చెప్పాను. తర్వాత అక్కడ పని పడిపోయింది. గుడ్డ అమ్ముడుపోక షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. తన పక్క సాంచె నడిపే మనిషి షెడ్డులోనే ఉరి పెట్టుకున్నాడని తమ్ముడు నాకొక్కడికే చెప్పాడు. పెళ్ళాంతో సహా ఊరికి వచ్చేశాడు. ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో తడి వేస్టుగుడ్డ మూట.

మూట విప్పితే నేరేడు గింజలు. షెడ్డు వెనక ఒక పాత నేరేడు ఉండేదట. సాంచెల చప్పుడు ఆగిపోయాక మొదటిసారి దాని మీది పిట్టల చప్పుడు వినపడిందట.

"గింజ ఎండితే మొలవదన్నా. అందుకే తడిపి తెచ్చిన," అన్నాడు.

పాలిథిన్ సంచుల్లో మట్టి నింపి గింజలు పెట్టాడు. పదిహేను రోజులకు మొలిచాయి. ఒకే గింజలోంచి రెండేసి మొలకలు లేవడం నేను అప్పుడే చూశాను. బలంగా ఉన్నది ఉంచి, రెండోది గిల్లేశాడు. మరుసటి ఏడు వానలు పడ్డాక, మోకాలెత్తు మొక్కను పెరట్లో పెడదామన్నాడు.

"ఆగు. ఎవరినైనా కూలికి పిలుద్దాం," అన్నాను.

"మొక్క పెట్టనీకి కూలోడా?"

"మనింట్లో ఆచారం నీకు తెలుసు కదా."

వాడు పగలబడి నవ్వాడు. "జీతగాండ్లు యాడున్నరన్నా ఇప్పుడు? ఇప్పుడు మనమే జీతగాండ్లం."

నేను కదిలేలోపే మోకాళ్ళ మీద కూర్చుని, మొక్కను గుంతలో నిలబెట్టి, రెండు చేతులతో మన్ను సర్దేశాడు. అవ్వ వంటింటి గడపలో నిలబడి చూసింది. ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

ఆ నెలలోనే జగిత్యాల ఏజెంటు దగ్గర తమ్ముడి వీసా ఖరారైంది. మరదలిని మా దగ్గరే ఉంచి దుబాయి పోయాడు.

చెట్టు ఏపుగా పెరిగింది. తమ్ముడు మూడేళ్ళకోసారి వచ్చి నెల రోజులుండి పోయేవాడు. వచ్చినప్పుడల్లా దాని మొదలును రెండు చేతులతో కొలిచేవాడు. అవ్వ మాత్రం ఆ చెట్టు వైపు నీళ్ళు కూడా పారబోసేది కాదు. ఐదో ఏట అవ్వ మంచం పట్టింది. పోయే ముందు రోజు నన్ను దగ్గరికి పిలిచింది. "చెట్టు కొట్టకు కొడుకా, కొడితే గా పాపం గుడ వానికే తాకుతది. గని కాయనియ్యకు. వాడు ఆడున్నన్ని దినాలు కాయనియ్యకు."

నేను చదువుకున్నవాణ్ణి. పిల్లలకు మూఢనమ్మకాల మీద వ్యాసం రాయించినవాణ్ణి. అయినా సరేనని తల ఊపాను.

ఏడో ఏట ఫాల్గుణంలో మొగ్గ కనిపించింది. నేరేడు పూత ఆకుల మధ్య రాదు. ఆకులకు కొంచెం కింద, బోసిగా ఉన్న పాత రెమ్మల మీద గుత్తులుగా వస్తుంది. ఆవగింజ కన్నా కొంచెం పెద్ద మొగ్గలు, లేత ఆకుపచ్చ. అంతకు రెండు రోజుల ముందే తమ్ముడు ఫోన్ చేశాడు, బాగానే ఉన్నానన్నాడు. అయినా ఆ మొగ్గల్లో నాకు వాడి రోజులే కనిపించాయి. ఇవి విచ్చుకోవాలి, పిందె కట్టాలి, రంగు తిరగాలి, రాలాలి. తొలకరికి అంతా అయిపోతుంది.

మరుసటి రోజు తెల్లవారగానే, మరదలు పాలకు వెళ్ళిన సమయం చూసి స్టూలు వేసుకున్నాను. గుత్తి మొదట వేళ్ళు పెట్టి కిందికి దూస్తే మొగ్గలన్నీ ఊడివచ్చేవి. పది రోజులు అదే పని. దూసినవన్నీ పేడకుప్పలో కప్పేసేవాణ్ణి. చేతికందనివి కొన్ని తప్పించుకుని విచ్చుకున్నాయి. వాటి కోసం తేనెటీగలు వచ్చాయి. ఎక్కడి నుంచి వచ్చాయో, ఉదయం ఎండ తగలగానే చెట్టు చుట్టూ సన్నగా మోత. ఉన్న నాలుగు పూల మీద తొక్కిసలాడుకుని, నేను దూసేసిన బోసి కాడల మీద వాలి, లేచి, మళ్ళీ వాలేవి. ఒక రోజు రెండు ఈగలు నా వేళ్ళ మీదికి వచ్చాయి. నా వేళ్ళకు పూల వాసన ఉంది. అవి వెతుక్కుంటుంటే నేను చెయ్యి కదపలేకపోయాను.

మరదలు ఒకరోజు అడిగింది. "బావా, నేరేడుకు పూత నిలుస్తలేదు. మందేమన్న కొట్టిపిద్దామా?"

"మగ చెట్టయి ఉంటుంది," అన్నాను. నేరేడులో మగ చెట్టు, ఆడ చెట్టు ఉండవని నాకు తెలుసు. బడిలో ఏ పిల్లవాడైనా అలా అంటే నిలబెట్టి సరిదిద్దేవాణ్ణి.

ఆ ఏడు ఒక్క కాయా పండలేదు. తమ్ముడు క్షేమంగా ఉన్నాడు. నా పని ఫలించిందనే అనుకున్నాను. భయం అలాగే పనిచేస్తుంది. ఏమీ జరగకపోతే తన గొప్పే అంటుంది.

ఆ తర్వాతి దసరాకు తమ్ముడి ఫోన్లు పలచబడ్డాయి. అంతకుముందు ప్రతి శుక్రవారం చేసేవాడు. ఇప్పుడు నెలకొకసారి, అదీ ప్రతిసారీ కొత్త నంబరు నుంచి, రెండు మాటలు మాట్లాడి పెట్టేసేవాడు. దీపావళి తర్వాత అదీ ఆగిపోయింది. పాత నంబర్లన్నీ తిప్పాను. ఏదీ కలవలేదు. మరదలు పగలు ఏడ్చేది కాదు, కానీ ఫోన్ కొంగులో కట్టుకుని పని చేసేది.

ఊళ్ళో దుబాయిలో ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మా ఇంటికి మూడిళ్ళ అవతల కల్లు గీసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయన కొడుకు తమ్ముడున్న ఊళ్ళోనే పనిచేసేవాడు. ఒకసారి వెళ్ళి అడిగితే సరిపోయేది. ఆయన తండ్రి మా ఇంట్లో జీతమున్నాడు. మా నాయన ముందు ఆ ఇంటివాళ్ళు ఎవరూ కూర్చోలేదు. ఇప్పుడు నేను వెళ్ళి, వాళ్ళ అరుగు ముందు నిలబడి, మావాడి సంగతేమైనా తెలిసిందా అనాలి. నాలుగు నెలలు ప్రతి రోజూ ఆ ఇంటి ముందు నుంచే బస్సుకు వెళ్ళాను. ప్రతి రోజూ మెడ తిప్పకుండా వెళ్ళాను.

మాఘంలో ఒక మధ్యాహ్నం, బడికి సెలవు రోజు, వీధిలో అంబులెన్సు వచ్చింది. సైరన్ లేదు. మెల్లగా, ఇళ్ళ నంబర్లు చూసుకుంటున్నట్టు వస్తున్నది. మా ప్రాంతంలో అలా వచ్చే బండి అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. హైదరాబాదు విమానాశ్రయం నుంచి వస్తుంది, లోపల కాగితాలు అంటించిన పొడుగాటి చెక్కపెట్టె ఉంటుంది. అంతకు ముందు ఏడు బీర్‌పూర్‌లో అలాంటి పెట్టె దించుతుంటే చూశాను. మూడు వారాల కింద చనిపోయిన మనిషి.

బండి మా గేటు ముందు ఆగింది. మరదలు బియ్యం చెరుగుతున్న చాట అలాగే చేతిలో ఉంచుకుని లేచి నిలబడింది. నేను గేటు కమ్మీ పట్టుకున్నాను. నడుం మాత్రం వంగలేదు, అలవాటు. డ్రైవరు అద్దం దించాడు.

"సార్, పెగడపల్లికి గిట్లనే పోవాల్నా?"

చెయ్యి చూపించాను. బండి వెళ్ళిపోయింది. మరదలు కూర్చుని మళ్ళీ బియ్యం చెరగడం మొదలుపెట్టింది. ఎవరి ఇంటికో వెళ్ళే చావును చూసి మేమిద్దరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

పది రోజులకు చెట్టుకు మళ్ళీ మొగ్గ వచ్చింది. ఈసారి పోయినేటికి మూడింతలు. నేను స్టూలు వదిలి చెట్టెక్కాను. చీకటి పలచబడగానే ఎక్కేవాణ్ణి. ప్రహరీ అవతల ఎవరూ లేరని, వీధి తలుపు గడియ వేసి ఉందని రెండుసార్లు చూసుకునేవాణ్ణి. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని, పంచె ఎగ్గట్టి, కొమ్మ మీద కూర్చుని రెండు చేతులతో దూసేవాణ్ణి. లెక్క తప్పిన ఒక్క గుత్తి చాలు అనిపించేది. ఆకులు కూడా తెగేవి. మొగ్గలు కింద రాలుతుంటే సన్నటి వాన చప్పుడు.

ఐదో రోజు, నెత్తి మీద నుంచి మాట వినపడింది.

"పటేలా, గా పూత మీకేం పాపం చేసిందే?"

కొమ్మను కౌగిలించుకున్నాను. ప్రహరీ చూశాను, వీధి చూశాను. ఎవరూ లేరు.

"మీదికి సూడుండ్రి, మీదికి."

మా పెరటి గోడను ఆనుకుని వరసగా తాటిచెట్లున్నాయి. ఒక తాటి చెట్టు కొన మీద, మోకు తాడులో ఒరిగి నిలబడి, కల్లు గీసే పెద్దాయన నన్ను చూస్తున్నాడు. నడుముకు గీత కత్తి, చేతిలో కల్లు పట్టే లొట్టి. ఏళ్ళ తరబడి పొద్దునా సాయంత్రం ఆయన అక్కడే ఉంటాడు. నేను గోడలకు అటూ ఇటూ చూసుకున్నాను గానీ తల ఎత్తలేదు. ఆ ఇంటివాళ్ళ కోసం తల ఎత్తి చూసే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

"పోయినేడు గుడ సూసిన. అడుగుదామంటె మీరు మాట్లాడరాయె. మీరు పూత దుల్పవట్టిన కాంచి తేనీగలన్ని నా లొట్లల్ల వడి సస్తున్నయి. కల్లు వడవోస్తె పిడికెడు ఈగలెల్తున్నయి."

"దిగి నీ పని చూసుకో," అన్నాను.

"నా పని నేను సూసుకుంటున్న. దిగుడు మీరు దిగుండ్రి పైలంగ. నేరేడు కొమ్మ, పుటుక్కున ఇరుగుతది. ఇరిగితే మిమ్ముల ఎత్తనీకి నేనే రావాలె మల్ల."

నేను దిగేసరికి ఆయనా తన చెట్టు దిగి, గోడకు అవతల నిలబడి ఉన్నాడు. నా చేతుల నిండా మొగ్గలు అంటుకుని ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పాలి. ఎందుకో నిజమే చెప్పాను. చెట్టు పెట్టింది తమ్ముడని, మా ముత్తాత సంగతి, అవ్వ మాట. చెబుతుంటే నా గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"గా ముచ్చట మీకే ఎర్కనుకున్నరా?" అన్నాడు. "మీ తోట మొక్కలల్ల సగం మా నాయిన చేతివే. మాకు తెల్వదా ఎందుకు పెట్టిపిస్తున్నరో? మా నాయిన ఎడమ చెయ్యితోని పెట్టెటోడు, కుడిచెయ్యి గాకపోతె జర తప్పుతదేమోనని. మా అవ్వ గా పూట అన్నం ముట్టకపోయేది."

అన్నం ముట్టని మరో తల్లిని ఊళ్ళో ఇంకో ఇంట్లో నేను ఎప్పుడూ ఊహించలేదు.

"మరి..." అన్నాను.

"మరేంది? ఎనబై ఏండ్లు బతికిండు. ప్రతి చెట్టు తొలికాపు దొంగతనంగ తిన్నడు. మీ తోట అమ్ముడువోయిన్నాడు ఏడ్సింది గుడ ఆయననే. మీరెవ్వలు ఏడ్వలే."

నేను చేతులకు అంటిన మొగ్గలు దులుపుకున్నాను. తర్వాత ఆయనే అన్నాడు. "చెట్టు కాస్తె మీ తమ్మునికేం గాదు పటేలా. గని ఆయనకు కష్టమైతె ఉన్నది. మీరు అడుగుతరేమోనని నాలుగు నెల్ల సంది సూస్తున్న."

తమ్ముడు ఖల్లివెల్లి అయ్యాడు. కంపెనీ వదిలేసి, కాగితాలు లేకుండా దాక్కుని పనిచేసేవాళ్ళను అక్కడ అలా అంటారట. కంపెనీ జీతాలు ఆపేసింది, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. ఒక గదిలో పన్నెండు మందితో ఉంటూ, దొరికిన రోజు రంగులు వేసే పనికి పోతున్నాడు. పోలీసుకు దొరికితే జైలు. ఊరంతటికీ తెలుసు. మరదలికీ సగం తెలుసు. తెలియనిది నాకొక్కడికే.

"మా పోరనితోని చెప్పిపిచ్చిండు, మా అన్నకు చెప్పకుండ్రి, తల ఎత్తుకొని తిరిగెటోడు, తల దించుకుంటడు అని."

నేను భయపడాల్సిన చోటు వదిలేసి రెండేళ్ళు పూలకు భయపడ్డాను. ఇప్పుడు అసలు భయం వచ్చింది. దానికి మొగ్గలు లేవు, దూసేయడానికి.

ఆ సాయంత్రం మొదటిసారి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. మంచం వాల్చారు. కూర్చున్నాను. "అన్నా, ఒకసారి ఫోన్ కలుపుతావా?" అన్నాను. మా ఇంటి నుంచి ఆ ఇంటికి ఆ పిలుపు వెళ్ళడం అదే మొదలు. ఆయన విననట్టే ఉండి నంబరు నొక్కాడు. ఆయన కొడుకు ద్వారా, మూడో రోజుకు తమ్ముడి గొంతు విన్నాను.

"అన్నా, చెట్టు కాసిందా?" అన్నాడు. అది ముందు అడిగాడు.

"పూత మీద ఉంది," అన్నాను.

నా చేతికి అందని పై కొమ్మల్లో పూత మిగిలింది. దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఉండడం దూయడం కన్నా కష్టం. పెద్దాయన చెప్పింది నిజమే, కానీ ఆయన తండ్రి బతికినంత మాత్రాన మావాడు బతకాలని ఎక్కడుంది? పూల టోపీలు రాలి నేలంతా తెల్లగా అయింది. పిందెలు పచ్చగా, తర్వాత గులాబిగా తిరిగాయి. ఒక్కో రంగుకు ఒక్కో రకంగా గుండె జారేది. వైశాఖం చివర నుంచి తమ్ముడి కబురు మళ్ళీ ఆగిపోయింది. వాళ్ళ గది మీద పోలీసులు పడ్డారని, అందరూ తలోదిక్కు పారిపోయారని పెద్దాయన కొడుకు చెప్పాడు. ఎవరు ఎక్కడున్నారో తెలియదు. సరిగ్గా ఆ వారమే కాయలు నల్లబడ్డాయి.

ఇన్నేళ్ళు ఖాళీగా ఉన్న చెట్టు మీదికి ఊళ్ళో ఉన్న ప్రాణమంతా వచ్చి పడింది. పొద్దున కోయిలలు, ఎండెక్కాక పిగిలిపిట్టలు, గోరింకలు. మాపటికి గబ్బిలాలు చెరువు వైపు నుంచి ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. రాలిన పండ్ల చుట్టూ చీమల దారులు. కోయిలలు పండు మింగి, తాటిమట్టల మీద కూర్చుని గింజ కక్కేవి. నేను ఒక్క పండూ నోట పెట్టలేదు. మరదలు నాలుక నల్లగా చేసుకుని వచ్చి, "మగ చెట్టన్నరు గద బావా," అంది. ఆ నెలలో ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

తొలకరి పడ్డ పదిహేను రోజులకు తాటిచెట్ల మొదట్లో, పిట్టలు కక్కిన గింజల్లోంచి మొలకలు లేచాయి. తమ్ముడి జాడ ఇంకా లేదు. ఒక ఉదయం గోడ దాటి వెళ్ళి పెద్దాయనను అడిగాను. "ఇందులో ఒకటి తీసుకుంటాను."

"గుంత నేను తవ్వుత, మొక్క గుడ నేనే పెడుత తియ్యి," అన్నాడు ఆయన. ఆ మాట ఆయన ఎందుకన్నాడో ఇద్దరికీ తెలుసు.

"వద్దు," అన్నాను. మా పెరట్లోనే మోకాళ్ళు నేలకు ఆనించాను. రెండు చేతులతో, కుడిచెయ్యి ముందు పెట్టి, మొలకను నిలబెట్టి మన్ను సర్దాను. దేవుడికి ఏం చెప్పుకున్నానో రాయను. తీసుకోవాల్సింది ఉంటే ఈ ఇంట్లో పెద్దవాణ్ణి నేను.

తమ్ముడు ఆ దసరా ముందు వచ్చాడు. అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష అని ప్రకటిస్తే, దాక్కున్న చోటు నుంచి బయటికి వచ్చి, పాస్‌పోర్టు లేనివాళ్ళకు ఇచ్చే ఔట్‌పాస్ కాగితం తీసుకుని వచ్చాడు. భిక్ష అనే మాట మా ఇంటి గడప దాటి లోపలికి రావడం నేను ఓర్చుకోగలనని ఎప్పుడూ అనుకోలేదు. జగిత్యాల బస్టాండులో దిగిన మనిషిని చూసి గుర్తుపట్టలేదు. చొక్కా హ్యాంగరుకు వేసినట్టుంది. ఇంటికి రాగానే పెరట్లోకి వెళ్ళి చెట్టు మొదలును కొలిచాడు. రెండు చేతులు చాలలేదు.

"తొలికాపు తినకపోతిని గదన్నా," అన్నాడు.

గోడ మీద మోచేతులు ఆనించి పెద్దాయన నా వైపు చూశాడు. అవ్వ చెప్పినదాంట్లో సగం జరిగింది. మిగతా సగం నా ముందు నిలబడి నీళ్ళు అడుగుతున్నది.

నేను నాటిన మొక్కకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. పెద్దాయన మోకాళ్ళు అరిగి తాటిచెట్లెక్కడం మానేశాడు. తమ్ముడు మెట్‌పల్లిలో పసుపు మార్కెట్లో పనిచేస్తున్నాడు, రోజూ ఇంటికి వస్తాడు. మొన్న ఉదయం ఆ చెట్టు పాత రెమ్మల మీద మొదటిసారి మొగ్గ చూశాను. ఎవరికీ చెప్పలేదు. రాత్రిళ్ళు నిద్ర సరిగ్గా లేదు. ఈరోజు కొన్ని విచ్చుకున్నాయి. ఎండ తగలగానే తేనెటీగలు వచ్చాయి. కింది గుత్తి సరిగ్గా నా చేతికందే ఎత్తులో ఉంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, అవి పని ముగించేదాకా అక్కడే నిలబడ్డాను.